సునామీని సముద్రపు గోడ ఆపగలదా? నెల్లూరు తీరంలోని ఒక ఊరి కోసం అడుగుతున్నాను

ప్రశ్న: రేణుక, కడప

అందరికీ నమస్కారం. మాది కడప. సముద్రం గురించి మాకు తెలిసింది తక్కువ. మా అమ్మాయికి నెల్లూరు జిల్లాలో ఒక మత్స్యకార గ్రామంలోని ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిగా ఉద్యోగం వచ్చింది. పాఠశాలకూ అలలకూ నడుమ ఒక ఇసుక దిబ్బ, కొంత సరుగుడు తోట, పడవలు లాగి పెట్టుకునే చోటు తప్ప మరేమీ లేవు. ఊరికి పడమరగా బకింగ్‌హామ్ కాలువ ఉంది.

2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఆ ఊరి పెద్దలకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంది. మన రాష్ట్రంలో ఆ రోజు నూరుమందికి పైగా చనిపోయారు. తమిళనాడులోని నాగపట్నం జిల్లాలో పోయిన ప్రాణాలు వేలల్లో ఉన్నాయి. అందుకని ఊరి పొడవునా రాతితోనో కాంక్రీటుతోనో ఎత్తైన గోడ కట్టించాలని జిల్లా అధికారులకు అర్జీ ఇవ్వాలనుకుంటున్నారు, ఆ అర్జీ రాసిపెట్టమని మా అమ్మాయిని అడిగారు. రాసే ముందు విషయం తెలుసుకోవాలని తను అనుకుంటోంది. జపానులో పది మీటర్ల గోడలు కట్టినా ఊళ్ళు కొట్టుకుపోయాయని కొందరు చెబుతున్నారు. పుదుచ్చేరిలో పాత ఫ్రెంచి పట్టణాన్ని రాళ్ళ గోడే కాపాడిందని మరికొందరు చెబుతున్నారు. ఈ రెంటిలో ఏది నిజం? గోడ కట్టిస్తే అక్కడి పిల్లలు నిజంగా క్షేమంగా ఉంటారా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం: హంద్రీ తీరవాసి, కర్నూలు

రేణుక గారికి నమస్కారం. నేను నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. నేను చూసినవి సముద్రపు పనులు కావు, కానీ నీటికి ఎదురు నిలబడే ఏ కట్టడానికైనా వర్తించే లెక్కలు కొన్ని ఉన్నాయి కనుక వాటితోనే మొదలుపెడతాను. మీరు విన్న రెండు మాటలూ నిజమే. ఏ గోడ ఎంత నీటిని ఉద్దేశించి కట్టారన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

గాలికి లేచే అల పది పదిహేను సెకన్లలో వచ్చి గోడను కొట్టి వెనక్కి పోతుంది. సునామీ అల అలాంటిది కాదు. నాలుగు వేల మీటర్ల లోతున్న సముద్రంలో అది గంటకు సుమారు 700 కిలోమీటర్ల వేగంతో సాగుతుంది, ఒక అల శిఖరానికీ మరో అల శిఖరానికీ మధ్య దూరం వందల కిలోమీటర్లు ఉండవచ్చు. తీరం దగ్గర లోతు తగ్గేకొద్దీ వేగం పడిపోయి ఎత్తు పెరుగుతుంది. అప్పుడు కూడా ఒక్కొక్క అల పది నిమిషాల నుంచి గంట వరకు వస్తూనే ఉంటుంది, అంటే తుంగభద్రకు వరద వచ్చినప్పుడు నీటిమట్టం ఆగకుండా పైకి లేచినట్టుగా లేస్తుంది. ఎదురుగా గోడ ఉంటే వెనక నుంచి వస్తున్న నీరు ఆగిపోదు. గోడ ముందు ఇంకా ఎత్తు పెరిగి, పైనుంచి దాటడానికి చూస్తుంది.

ఇప్పుడు బలం సంగతి. గోడకు ఒకవైపు ఐదు మీటర్ల నీరు కదలకుండా నిలబడితే మీటరు పొడవున్న గోడ మీద సుమారు 12.5 టన్నుల ఒత్తిడి పడుతుంది. నీటి ఎత్తు పది మీటర్లయితే అదే ఒత్తిడి సుమారు 50 టన్నులవుతుంది. ఎత్తు రెట్టింపయితే ఒత్తిడి నాలుగు రెట్లు, గోడను వెనక్కి పడదోసే శక్తి ఎనిమిది రెట్లు పెరుగుతాయన్నమాట. ఇది కదలని నీటి లెక్క మాత్రమే. పరుగెత్తి వచ్చే నీటి తాకిడి, దానితో కొట్టుకొచ్చే పడవల దెబ్బ దీనికి అదనం. కాబట్టి "ఇంకో రెండు మీటర్లు ఎత్తు పెంచండి" అన్న మాట కాగితం మీద రాసినంత తేలికగా కట్టడంలో కుదరదు.

నీటి ముందు కట్టడాలు ఎక్కువగా దెబ్బతినేది ముందరి తాకిడి వల్ల కాదు, నీరు పైనుంచి పొర్లినప్పుడు. పొర్లిన నీరు వెనకవైపు పునాది దగ్గర పడి అక్కడి మట్టిని కోసేస్తుంది, ఆధారం పోయిన కట్టడం తర్వాత కూలుతుంది. దీన్ని చూడటానికి మన జిల్లాల వాళ్ళు జపాను దాకా పోనక్కరలేదు. 2021 నవంబరు 19న అప్పటి కడప జిల్లాలో రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి పులపత్తూరు, మందపల్లి ప్రాంతాలను ముంచినప్పుడు జరిగినది ఇదే. ఆ కట్ట రూపకల్పనలో లెక్కించినంత వరద వచ్చి ఉంటే నిలిచేదే. అంతకుమించి వచ్చింది, పైగా ఎగువన పింఛా కట్ట తెగిన నీరు కూడా తోడయింది. 2009 అక్టోబరులో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిందని కర్నూలువాళ్ళం మరచిపోలేము. ఆ డ్యాం రూపకల్పనలో లెక్కించిన వరద సుమారు 19 లక్షల క్యూసెక్కులే.

సునామీ గోడల్లో ఇదే కథ 2011 మార్చి 11న జపానులో జరిగింది. కమాయిషి అఖాతం ముఖద్వారంలో 63 మీటర్ల లోతు నుంచి కాంక్రీటు పెట్టెలు పేర్చి కట్టిన బ్రేక్‌వాటర్ (అలలను అడ్డుకునే సముద్రపు కట్ట) ప్రపంచంలోకెల్లా లోతైనది. మూడు దశాబ్దాల పని తర్వాత 2009లో పూర్తయింది. రెండేళ్ళకే సునామీ దాన్ని ఛిద్రం చేసింది. అయితే అది పూర్తిగా వృథా పోలేదు. ఆ కట్టడం లేకపోతే ఊరి దగ్గర 13.7 మీటర్లు ఉండవలసిన అల 8 మీటర్లకు తగ్గిందనీ, ఒడ్డున ఉన్న గోడను నీరు దాటడానికి పట్టిన సమయం 28 నిమిషాల నుంచి 34 నిమిషాలకు పెరిగిందనీ అక్కడి ఓడరేవుల పరిశోధన సంస్థ లెక్కగట్టింది. ఆ ఆరు నిమిషాల్లో మెట్లెక్కి కొండ చేరినవాళ్ళు ఉన్నారు. అయినా ఆ పట్టణంలో చనిపోయినవారు, గల్లంతయినవారు కలిపి సుమారు వెయ్యిమంది.

తారో అనే ఊరి సంగతి ఇంకా బాధాకరం. 1933 సునామీలో 900 మందికి పైగా పోయిన ఆ ఊరు తరతరాల శ్రమతో పది మీటర్ల ఎత్తున, మొత్తం సుమారు 2.4 కిలోమీటర్ల పొడవున గోడలు కట్టుకుంది. ప్రపంచం నలుమూలల నుంచి ఇంజినీర్లు వచ్చి చూసిపోయిన గోడలు అవి. 2011లో భూకంపం వచ్చిన మూడు నిమిషాలకు ఆ రాష్ట్రానికి ఇచ్చిన తొలి హెచ్చరికలో అల ఎత్తు మూడు మీటర్లని చెప్పారు. పది మీటర్ల గోడ వెనక ఉన్న మనిషి ఆ మాట వింటే ఏమనుకుంటాడో ఊహించండి. తర్వాత అంచనా పెంచారు, కానీ అప్పటికి కరెంటు పోయి ఆ మాట చాలామందికి చేరలేదు. గోడ అడ్డుగా ఉండటం వల్ల వస్తున్న సముద్రం కూడా కనబడలేదు. నీరు ఆ గోడలను దాటి ఊళ్ళోకి వచ్చింది.

ఆ తర్వాత జపాను ప్రభుత్వం సునామీలను రెండు తరగతులుగా విడదీసింది. కొన్ని పదుల ఏళ్ళ నుంచి నూరు చిల్లర ఏళ్ళకు ఒకసారి వచ్చేదాన్ని గోడతో ఆపాలి. వెయ్యేళ్ళకు ఒకసారి వచ్చే మహా సునామీకి గోడను నమ్ముకోకుండా మనుషులను తరలించాలి. మీ అమ్మాయి అర్జీ రాసినా రాయకపోయినా, ఈ విభజన ఆ ఊరి పెద్దలకు అర్థమయ్యేలా చెప్పడం అవసరం.

సమాధానం: ప్రొద్దుటూరు పాఠకుడు

ఇంజినీరు గారి లెక్కలను కాదనను. కానీ ఈ చర్చ చదివినవారు "గోడలు దండగ" అనే నిర్ణయానికి వస్తారేమోనని నా భయం. గోడ వల్ల బతికిన ఊళ్ళను కూడా ఇక్కడ చెప్పాలి.

1854లో సునామీ వచ్చినప్పుడు జపానులోని హిరో గ్రామంలో హమాగుచి గోర్యో అనే వ్యాపారి వరిగడ్డి కుప్పలకు నిప్పంటించి, చీకట్లో కొట్టుకుపోతున్న జనానికి ఎత్తైన చోటికి దారి చూపించాడు. ఆ సంఘటన జ్ఞాపకంగానే నవంబరు 5ను ఐక్యరాజ్యసమితి ప్రపంచ సునామీ అవగాహన దినంగా ప్రకటించింది. ఆయన చేసిన రెండో పని గురించి మనవాళ్ళు తక్కువగా మాట్లాడుకుంటారు. ఇల్లూ జీవనమూ పోయి వలసపోవడానికి సిద్ధమైన గ్రామస్థులకు తన సొంత డబ్బుతో కూలి ఇచ్చి, ఐదు మీటర్ల ఎత్తు, 600 మీటర్ల పొడవున కట్ట కట్టించాడు. 1946లో నాలుగు మీటర్ల సునామీ వచ్చినప్పుడు దాని వెనక ఉన్న ఊరిలో అధిక భాగం మిగిలింది. కట్టించిన మనిషి పోయి అరవై ఏళ్ళు దాటిన తర్వాత ఆ కట్ట పనికొచ్చింది.

ఫుదాయ్ గ్రామం కూడా అలాంటిదే. మేయరు కోతోకు వామురా 1933 సునామీని కళ్ళారా చూసినవాడు. లోయకు అడ్డంగా 15.5 మీటర్ల ఎత్తున గేటు కావాలని ఆయన పట్టుబట్టినప్పుడు అంత ఎత్తు, అంత ఖర్చు ఎందుకని ఎందరో ఎదురు చెప్పారు. 1984లో ఆ గేటు పూర్తయింది. 2011లో నీరు దాని పైనుంచి కొంత పొర్లినా ఊళ్ళోకి చేరలేదు. సుమారు మూడు వేలమంది ఉన్న ఆ గ్రామంలో గల్లంతయినది ఒక్కరే, అది కూడా గోడ బయట ఉన్న తన పడవను చూసుకోవడానికి పోయినవారు. మాల్దీవుల రాజధాని మాలే చుట్టూ జపాను సాయంతో కట్టిన రక్షణ కట్టడాలు 2004లో ఆ నగరానికి జరగవలసిన నష్టాన్ని చాలా తగ్గించాయి. నెల్లూరు పల్లెలో ఉన్న పిల్లలకు అలాంటి రక్షణ ఎందుకు దొరకకూడదు? ఖర్చు సాకు చెప్పి పేదల ఊళ్ళకు ఎప్పుడూ అవగాహన సదస్సులే ఇస్తారు, కట్టడాలు మాత్రం పట్టణాలకే పోతాయి. ఈ మాట బాధతోనే అంటున్నాను.

సమాధానం: భూగోళం మాస్టారు, అనంతపురం

ప్రొద్దుటూరు సోదరుని ఆవేదన న్యాయమైనదే. పల్లెలకు కట్టడాలు కావాలి. కానీ ఫుదాయ్‌లో పనిచేసినది నెల్లూరు తీరంలో ఎందుకు పనిచేయదో నేల స్వరూపం చూస్తే తెలుస్తుంది.

ఫుదాయ్ రెండు కొండల నడుమ ఇరుకైన లోయలో ఉంది. ఆ గేటు పొడవు 205 మీటర్లు మాత్రమే, దాని రెండు కొనలూ కొండలకు ఆనుకుని ఉన్నాయి. నీరు పక్క నుంచి పోవడానికి దారి లేదు. నెల్లూరు తీరం చదునుగా ఉంటుంది, ఆనుకోవడానికి కొండ లేదు. ఒక ఊరి ముందు కిలోమీటరు గోడ కడితే నీరు దాని రెండు కొనల నుంచి చుట్టి వస్తుంది. ఆ కొనలను పొడిగించుకుంటూ పోతే పెన్నా ముఖద్వారం, ఉప్పుటేర్లు, మురుగు కాలువలు అడ్డం వస్తాయి. వాటిలో ప్రతిదానికీ గేటు పెట్టాలి, ఆ గేటును అర్ధరాత్రి మూయడానికి మనిషి ఉండాలి, పదేళ్ళు వాడకపోయినా అది తుప్పు పట్టకుండా ఉండాలి. మాలే అయితే చిన్న ద్వీపం, చుట్టూ కట్టడానికి వీలయింది.

రెండో చిక్కు వాన నీటిది. ఆ తీరానికి సునామీ కంటే తుఫాను తరచుగా వస్తుంది. తుఫానుతో పాటు కుంభవృష్టి కురుస్తుంది, ఆ నీరు తూర్పుకు పారి సముద్రంలో కలవాలి. తూములు సరిగా లేని గోడ కడితే ఊరు సముద్రం వల్ల కాక వాన వల్లే మునుగుతుంది. మూడోది ఇసుక. మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. అడ్డంగా ఏది కట్టినా దానికి ఉత్తరాన ఉన్న ఊరి ఒడ్డు కోతకు గురవుతుంది. పుదుచ్చేరి ఓడరేవు కట్టడాల తర్వాత అక్కడి బీచి ఎలా మాయమయిందో చూసినవారికి ఇది కొత్త కాదు. పడవలను ఇసుక మీదికి లాగి పెట్టుకునే మత్స్యకారులకు ఒడ్డు పోతే జీవనమే పోతుంది.

పుదుచ్చేరి గురించి ఒక మాట. పాత పట్టణం గోడ వెనక నిలిచిన మాట నిజం. అయితే ఆ కేంద్రపాలిత ప్రాంతంలో ఆ రోజు చనిపోయినవారిలో ఎక్కువమంది అక్కడికి ఎంతో దూరాన ఉన్న కారైకాల్ వారు. గోడ తన వెనక ఉన్నవారినే కాపాడుతుంది.

నెల్లూరు తీరానికి ప్రకృతి, చరిత్ర ఇచ్చిన రెండు రక్షణలు ఇప్పటికే ఉన్నాయి. ఒకటి ఇసుక దిబ్బ. దాన్ని రొయ్యల చెరువుల కోసం, ఇళ్ళ మెరక కోసం తవ్వకుండా కాపాడుకుంటే అదే ఆ ఊరి గోడ. రెండోది బకింగ్‌హామ్ కాలువ. 2004లో దిబ్బలు దాటి వచ్చిన నీటిని ఆ కాలువ తనలోకి తీసుకుని, లోపలి ఊళ్ళకు పోకుండా మళ్ళించిందని ఆ తర్వాత తీరం వెంట తిరిగి పరిశీలించిన భూభౌతిక శాస్త్రవేత్తలు రాశారు. కానీ అదే కాలువ ప్రాణాపాయం కూడా కావచ్చు. సముద్రానికీ కాలువకూ నడుమ ఉన్న ఊరివాళ్ళు పడమరకు పరుగెత్తాలంటే వంతెన దాటాలి. ఆ ఊరికి వంతెన ఎంత దూరంలో ఉంది, ఎంత వెడల్పు ఉంది అన్నది గోడ ఎత్తు కంటే ముందు అడగవలసిన ప్రశ్న అని నా నమ్మకం.

గోడకూ ఎత్తైన నేలకూ ఉన్న తేడా తెలియాలంటే జపానులోని రెండు అణువిద్యుత్ కేంద్రాలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఫుకుషిమా దాయిచిలో సునామీని 5.7 మీటర్లుగా అంచనా వేసుకున్నారు, వచ్చినది సుమారు 14 మీటర్లు. ఒనగావా కేంద్రం భూకంప కేంద్రానికి అంతకంటే దగ్గర. దాన్ని యానొసుకే హిరాయ్ అనే ఇంజినీరు పట్టుదల వల్ల మొదటి నుంచే సుమారు 14.8 మీటర్ల ఎత్తున్న నేల మీద కట్టారు. భూకంపానికి అక్కడి నేల ఒక మీటరు కుంగినా, 13 మీటర్ల సునామీ దాన్ని ముంచలేదు. ఇళ్ళు పోయిన చుట్టుపక్కల జనం ఆ కేంద్రంలోనే తలదాచుకున్నారు. నేల కుంగితే దాని మీది గోడ ఎత్తు కూడా అదే క్షణంలో తగ్గిపోతుందని గమనించండి.

రేణుక, కడప

అందరికీ కృతజ్ఞతలు. మీరు రాసినవన్నీ అమ్మాయికి చదివి వినిపించాను. వంతెన ఊరికి దక్షిణాన దాదాపు రెండు కిలోమీటర్ల దూరంలో ఉందట, ఒక వాహనం మాత్రమే పట్టే వెడల్పు. ఊళ్ళో పాత తుఫాను షెల్టరు ఒకటి ఉంది గానీ దానికి ఎప్పుడూ తాళం వేసి ఉంటుందట. తన సందేహాలు రెండు. గోడ అడగకపోతే ఉప్పెన సంగతేమిటని ఊరివాళ్ళు అంటున్నారు, దానికి ఏమి చెప్పాలి? సునామీ వస్తుందని ముందుగా ఎలా తెలుస్తుంది, పిల్లలను ఎక్కడికి తీసుకుపోవాలి?

సమాధానం: హంద్రీ తీరవాసి, కర్నూలు

అమ్మా, ఉప్పెన విషయంలో ఊరివాళ్ళ మాట సరైనదే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినది సుమారు ఐదు మీటర్ల ఉప్పెన, ఆ తుఫానులో పదివేల మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత కృష్ణా జిల్లా తీరంలో మట్టితో సముద్రపు కరకట్ట వేశారు. అర్జీలో అలాంటిదే అడగమనండి. దిబ్బకు ముందు, అలల అంచున కాకుండా, దిబ్బకు వెనక కొంత దూరంలో, రెండువైపులా ఏటవాలుగా, వాన నీరు పోవడానికి తూములతో, పొర్లినా కోసుకుపోకుండా వెనక వాలుకు కూడా రాతి పరుపుతో ఉండే కరకట్ట. అది ఉప్పెనకు పనికొస్తుంది, చిన్న సునామీకి కూడా పనికొస్తుంది. కానీ అర్జీలో దాన్ని "సునామీ గోడ" అని రాయవద్దు. ఆ పేరు పెడితే రేపు హెచ్చరిక వచ్చినప్పుడు ఎవరూ ఇల్లు కదలరు.

షెల్టరు సంగతి చాలా ముఖ్యం. స్తంభాల మీద నిలబెట్టి, కింది భాగాన్ని నీరు పారేలా ఖాళీగా వదిలిన భవనం సునామీకి కూడా ఆశ్రయమవుతుంది, దాని పునాది ఇసుక కోతకు తట్టుకునేంత లోతుగా ఉంటేనే. ఆ కింది భాగానికి గోడలు కట్టి గోదాముగా వాడుతుంటే వాటిని తీసివేయించాలి. పునాదిని ఇంజినీరు చేత పరీక్ష చేయించమని, డాబా మీదికి బయటి నుంచి మెట్లు వేయించమని రాయండి. తాళంచెవి ఒకటి పాఠశాలలో, ఒకటి షెల్టరుకు అతి దగ్గర ఉన్న ఇంట్లో ఉండాలి.

సమాధానం: భూగోళం మాస్టారు, అనంతపురం

రెండో సందేహానికి నేను జవాబిస్తాను. జపాను తీరవాసులకు భూమి కంపించడమే హెచ్చరిక, అక్కడ అల అరగంటలో వచ్చేస్తుంది. నెల్లూరు తీరానికి ముప్పు ప్రధానంగా సుమత్రా, అండమాన్ల వెంట ఉన్న భూఫలకాల అంచు నుంచి వస్తుంది. 2004లో ఉదయం ఆరున్నరకు అక్కడ భూకంపం వస్తే, తొమ్మిది దాటాక మన తూర్పు తీరాన్ని నీరు తాకింది. అంత దూరంలో కంపం బాగా తెలియకపోవచ్చు, కాబట్టి దాని కోసం ఎదురుచూడకూడదు. సముద్రం వెనక్కి పోతే అప్పుడు పరుగెత్తుదామనుకోవడం కూడా పొరపాటు. ఆ రోజు థాయిలాండు వైపు సముద్రం ముందు వెనక్కి తగ్గింది, మన వైపు సాగిన అలలో ముందు నీరే పెరిగింది.

కాని ఆ రెండున్నర గంటలే మనకున్న పెద్ద బలం. 2004లో హిందూ మహాసముద్రానికి హెచ్చరిక వ్యవస్థ లేదు. 2007 నుంచి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం అందించే జాతీయ కేంద్రం) సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం రాత్రింబవళ్ళు పనిచేస్తోంది. సముద్రగర్భంలో పెట్టిన పీడన యంత్రాలు అల నిజంగా పుట్టిందో లేదో చెబుతాయి. హైదరాబాదు నుంచి జిల్లా కేంద్రం వరకు ఆ సమాచారం నిమిషాల్లో వస్తుంది. జిల్లా కేంద్రం నుంచి ఆ ఊరి చివరి ఇంటికి, వేటకు పోయిన పడవకు ఎలా చేరుతుందన్నది అక్కడివాళ్ళు తేల్చుకోవాలి. ఒడిశాలో వెంకట్రాయ్‌పూర్, నోలియాసాహి అనే రెండు గ్రామాలు 2020లో యునెస్కో నుంచి సునామీకి సిద్ధమైన ఊళ్ళుగా గుర్తింపు పొందాయి. ముంపు పటం, తరలింపు దారులు, అందరికీ చేరే హెచ్చరిక, క్రమం తప్పని అభ్యాసం అక్కడ ఏర్పాటు చేశారు. మన తీరంలో కూడా అదే పద్ధతి కావాలని అర్జీలో పేరుతో సహా అడగవచ్చు.

పిల్లల విషయం. వంతెన రెండు కిలోమీటర్లంటే చిన్నపిల్లలతో నడక అరగంట దాటుతుంది, ఊరంతా ఒకేసారి బయలుదేరితే ఆ ఇరుకులో ఇంకా ఆలస్యమవుతుంది. హెచ్చరిక రాగానే కదిలితే సమయం సరిపోతుంది, గంట తర్వాత కదిలితే సరిపోకపోవచ్చు. అందుకని పెద్ద తరగతులవారు వంతెన వైపు, చిన్న తరగతులవారు షెల్టరు డాబా మీదికి అని ముందే నిర్ణయించి, తల్లిదండ్రులకు చెప్పి ఉంచాలి. అలా చెప్పకపోతే వాళ్ళు బిడ్డల కోసం పాఠశాల వైపు, అంటే సముద్రం వైపే పరుగెత్తి వస్తారు. మొదటి అల వెళ్ళాక ఎవరినీ కిందికి దిగనివ్వకూడదు, రెండోది, మూడోది ఇంకా పెద్దవి కావచ్చు, అధికారులు చెప్పేదాకా గంటల తరబడి అక్కడే ఉండవలసి వస్తుంది. కాబట్టి డాబా మీద తాగునీళ్ళ డ్రమ్ము ఒకటి పెట్టించమనండి. అర్జీలో మొదటి వాక్యం ఊరికి ఎదురుగా కాలువ మీద రెండో వంతెన గురించి ఉండాలి, కరకట్ట దాని తర్వాత.